అకలేషియా ఆపరేషన్ల బెలూన్ కొలత: ఎవరికన్న చేసిండ్రా?

కాజీపేట_బిడ్డ: మా అమ్మకు ముద్ద దిగుతలేదు. నీళ్లు సుత ఛాతిలనే ఆగి, పండుకుంటె నోట్లెకు మర్లొస్తున్నయ్. చానా దినాలు గ్యాస్ గోళీలే మింగింది. హైదరాబాద్‌ల మానోమెట్రీ (అన్నవాహికల ఒత్తిడి కొలిచే పరీక్ష) చేస్తే అకలేషియా (అన్నవాహిక కింది కండరం సడలని రోగం) టైప్ 2 అని తేలింది. లాప్రోస్కోపీ చేస్తం, నడుమ బెలూన్ పెట్టి కొలుస్తం అని సర్జన్ అంటున్నడు. ఆ కొలత దేనికి?

జగిత్యాల_అక్క: తమ్మీ, మా ఆయనకు పోయెం (నోట్లెకెళ్లి ఎండోస్కోపీ గొట్టం పంపి కండరం కోసుడు) చేసిండ్రు, కొలత లేదు. ఇప్పుడు అన్నం మంచిగనే దిగుతది గని రాత్రి పుల్లటి నీళ్లు గొంతుల్లకొస్తున్నయ్, దిండ్లు ఎత్తు వెట్టుకొని పండుకుంటున్నడు. ఎంత కోసిండ్రని అడిగితే "సరిపోయేంత" అన్నరు. ఆ మాట నాకు ఇయ్యాల్టికీ మింగుడు పడలే.

ఓటీ_కరీంనగర్: ఓటీల పనిచేస్త, తెలిసింది చెప్త. అన్నవాహిక పొట్టల కలిసే కాడ కండరం వలయం ఉంటది. అకలేషియాల అక్కడి నరాల కణాలు చచ్చిపోయి అది సడలదు. 1913ల హెల్లర్ మొదలువెట్టిన ఆపరేషన్ ఆ కండరాన్ని కోసుడే. కోత తక్కువైతే ముద్ద మళ్ల ఆగుతది, ఎక్కువైతే ఆసిడ్ పైకొస్తది. ఎక్కడ ఆపాలెనో కంటితోని చూసి చెప్పుడు కష్టం.

మీ సర్జన్ చెప్పిన బెలూన్ కొలత ఎండోఫ్లిప్‌తోని చేస్తరు. అది సన్న గొట్టం, దాని కొసకు సెలైన్ నింపే బెలూన్. లోపలి సెన్సర్లు వలయం ఎంత తెరుసుకుంటున్నదో, ఎంత ఒత్తిడికి తెరుసుకుంటున్నదో చూపెడుతయ్. వైశాల్యాన్ని ఒత్తిడితోని భాగిస్తే డిస్టెన్సిబిలిటీ ఇండెక్స్. అది 2 కన్న తక్కువుంటే బిగుసుకున్నట్టే. కోతకు ముందు, కోసినంక, ఆసిడ్ రాకుండ పొట్ట పైభాగాన్ని కుట్టినంక, మూడుసార్లు కొలుస్తే మంచిది. నా లెక్కల ఆఖరుదే అసలుది. కుట్టు బిగుసుకుంటే కోసిన లాభమంత పోతది, అది ఓటీ బల్ల మీద ఉండంగనే తెలిస్తే విప్పి సరిజేస్తరు.

లాప్రోస్కోపీకి కడుపుల గ్యాస్ నింపినప్పుడు అంకె మారుతది. మత్తు మందుల ప్రభావం సుత ఉంటది. గందుకే అన్నిసార్లు ఒక్క తీర్గనే కొలవాలె.

మంచిర్యాల_73: మా మామకు బెలూన్ లేకుండనే హెల్లర్ చేసిండ్రు, బల్ల మీదనే ఎండోస్కోపీతోని చూసుకున్నరు. బాగున్నడు. మిషన్ లేదని ఆపరేషన్ ఆపకు తమ్మీ, చెయ్యి తిరిగిన సర్జన్ ముఖ్యం. టైప్ 2 వాళ్లకే ఫలితం అన్నిట్ల కన్న బాగుంటది, ధైర్యంగుండు. తర్వాత బేరియం పరీక్షల తెల్ల మందు తాగిచ్చి 1, 2, 5 నిమిషాలకు ఎక్స్‌రే ఫొటోలు తీస్తరు, ఎంత నిల్వ ఉంటున్నదో దాంట్ల తెలుస్తది.

కాజీపేట_బిడ్డ: అందరికి దండాలు. రేపు సర్జన్‌ను కలుస్తున్న. ఏమడగాలె?

ఓటీ_కరీంనగర్: కుట్టినంక సుత కొలుస్తరా, అంకె తక్కువొస్తే ఏంజేస్తరు, గివి అడుగు. అంకెలన్ని డిశ్చార్జ్ కాయితంల రాయమను, రేపు మళ్ల ఇబ్బందైతే అవే పనికొస్తయ్. ఆ గొట్టం ఒక్కరికే వాడి పారేసేది, దాని పైసలు ఎస్టిమేట్‌ల ఉన్నయో లేవో ఇప్పుడే చూస్కో.