దక్షిణావర్త శంఖం: కుడి ఎటువైపు?

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక సభ్యురాలు):

అందరికీ నమస్కారం. పూజకని ఈమధ్య ఒక శంఖం కొన్నాం. అమ్మినతను దక్షిణావర్త శంఖమని చెప్పి మామూలు దానికంటే చాలా ఎక్కువ తీసుకున్నాడు. డిగ్రీలో జువాలజీ చదువుతున్న మా అమ్మాయి దాన్ని తిప్పి చూసి, "ఇది ఎడమసుడి గుల్ల కదమ్మా" అంటోంది. దక్షిణం అంటే కుడే కదా, నిఘంటువులోనూ అదే ఉంది. మాట తప్పా, పిల్ల చదువు తప్పా? తెలిసినవారు చెప్పండి.

జవాబు (కావలి నుంచి):

అమ్మా, రెండూ ఒప్పే. తేడా అంతా శంఖాన్ని పట్టుకోవడంలో ఉంది. జంతుశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కాలేజీలో ఏ గుల్లనైనా మొన పైకి, నోరు మనవైపుకి ఉండేట్టు పట్టుకుంటారు. మొన అంటే సుడి మొదలైన కొస, ఆ నత్త పుట్టినప్పటి బుల్లి గుల్ల అక్కడే ఉంటుంది. అలా పట్టుకున్నప్పుడు నోరు మన కుడిచేతి వైపు ఉంటే కుడిసుడి, ఎడమచేతి వైపు ఉంటే ఎడమసుడి. పూజలో పట్టు వేరు. తీర్థం పోసే ముక్కు పైకి ఉంటుంది, మొన కిందికి పోతుంది. గుల్లను అలా తలకిందులు చేయగానే నోరు అవతలి పక్కకి మారుతుంది. అందుకే కాలేజీలో ఎడమసుడి అన్నదే పూజగదిలో దక్షిణావర్తం. అదే శంఖాన్ని ముక్కు వైపు నుంచి చూస్తూ, గుల్ల పెరిగిన దిక్కున, అంటే పెదవి వైపుకి వేలు పోనివ్వండి. వేలు ప్రదక్షిణంగానే తిరుగుతుంది. ఆవర్తం అంటే తిరుగుడు. గుడి చుట్టూ మనం తిరిగే దిక్కునే పాతవాళ్లు ఈ పేరులో పెట్టారు.

అయితే మీరు అడగని సంగతి ఒకటి ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. దక్షిణావర్తం ఒక జాతి పేరు కాదు. ఒకే జాతిలో ఎప్పుడో ఒకటి అడ్డం తిరిగి పుడితే దానికి పెట్టిన పేరు. ఆ జాతి ఏదో తెలియకపోతే ఈ మాటకు విలువ లేదు.

మన పూజా శంఖం శాస్త్రనామం టర్బినెల్లా పైరమ్. మొలస్కా వర్గం, నత్తలన్నీ ఉండే గాస్ట్రోపోడా తరగతి, నియోగాస్ట్రోపోడా క్రమం, టర్బినెల్లిడే కుటుంబం. 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీన్ని వొల్యూటా పైరమ్ అన్నాడు. పైరమ్ అంటే బేరిపండు, ఆకారాన్ని చూసి పెట్టిన పేరు. భాషాభిమానులకు నచ్చే ముచ్చట ఇంకొకటి. 1798లో ర్యోడింగ్ అనే ఆయన ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, క్సాంకస్ అని పేరు పెట్టాడు. అది మన శంఖ శబ్దమే, పడమటివాళ్ల నోట పడి రూపు మారింది. మరుసటి ఏడు ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ టర్బినెల్లా అన్నాడు. మామూలుగా ముందు పెట్టిన పేరే నిలవాలి. కానీ జంతువుల పేర్లు తేల్చే అంతర్జాతీయ కమిషన్ టర్బినెల్లానే ఖాయం చేసింది. పాత పుస్తకాల్లో క్సాంకస్ పైరమ్ అని కనిపిస్తే అదీ ఇదీ ఒకటేనని గుర్తుపెట్టుకోండి.

ఇది బతికుండగా మనం చూసే తెల్లటి రూపంలో ఉండదు. గుల్ల మీద గోధుమరంగు పొర దట్టంగా కప్పుకుని ఉంటుంది. దాన్ని గీకితేనే ఆ తెలుపు బయటపడుతుంది. ఇసుక నేలల్లో సగం కూరుకుపోయి తిరుగుతూ, ఇసుకలో బతికే పురుగుల్ని వేటాడి తింటుంది. నాచు నమిలే సాధు ప్రాణి అనుకోకండి. తీర్థం పోసే ఆ ముక్కు దాని వేటలో ముఖ్యమైన సాధనం. ఆ కాలవలోంచి ఒక మెత్తటి గొట్టాన్ని బయటికి చాచి నీళ్లు లోపలికి తీసుకుంటుంది. ఆ నీటిలో ఎర వాసనను పసిగట్టే అవయవం లోపల ఉంటుంది. ఎర దొరికాక తొండం చాచి, పళ్ల పట్టీలాంటి నాలుకతో పని కానిస్తుంది. ప్రమాదం వస్తే లోపలికి ముడుచుకుని, కొమ్ముపదార్థంతో చేసిన మూతతో నోరు బిగిస్తుంది. ఇలాంటి సముద్రపు నత్తల మూతలనే ఆయుర్వేదంలోనూ ధూపద్రవ్యాల్లోనూ నఖం అంటారు.

ఆడ మగ వేరువేరు. ఆడది పెట్టే గుడ్ల సంచి పొట్టేలు కొమ్ములా మెలితిరిగి, లోపల అరలు అరలుగా ఉంటుంది. ఒక కొసను ఇసుకలో పాతేస్తుంది. పిల్లలు ఆ అరల్లోనే పెరిగి, బుల్లి శంఖాలై పాకుతూ బయటికొస్తాయి. చాలా సముద్రపు నత్తల పిల్లలు నీటిలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడో దిగుతాయి, వీటికి ఆ యోగం లేదు. అందుకే ఒకచోట ఎడాపెడా పట్టేస్తే అక్కడ మళ్లీ నిండడం కష్టం. దీనికి పేరుపడిన తావులు మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి, కచ్ సింధుశాఖ. తూత్తుకుడి వైపు మునకగాళ్లు తరతరాలుగా దీన్ని తీస్తున్నారు. బెంగాలీ ఆడవాళ్లు వేసుకునే శంఖు గాజులూ దీనితోనే చేస్తారు. గుజరాత్‌లోని నాగేశ్వర్‌లో హరప్పా కాలం నాటి శంఖు పనివాళ్ల కార్ఖానా బయటపడింది.

ఇప్పుడు మీ శంఖం దగ్గరికొద్దాం. దీపం దగ్గరో టార్చి వేసో నోటి లోపలికి చూడండి. గుల్ల మధ్యన నిలువు కంబం ఉంటుంది. మన శంఖమైతే ఆ కంబం మీద మూడు నాలుగు గట్టి మడతలు, వేలుపెడితే గట్లుగా తగులుతాయి. లినేయస్ దీన్ని వొల్యూటాల్లో చేర్చింది కూడా ఆ మడతలు చూసే. అవి లేకుండా నున్నగా ఉంటే అది మన సముద్రానిది కాకపోవచ్చు. దక్షిణావర్తమని అమ్మేవాటిలో చాలా భాగం లైట్నింగ్ వెల్క్ అనే వేరే నత్త గుల్లలు. అమెరికా ఆగ్నేయ తీరంలో, మెక్సికో సింధుశాఖలో దొరుకుతాయి. అదీ వేటగత్తే, ఆలిచిప్పల్ని తింటుంది. ఆ జాతిలో దాదాపు అన్నీ ఎడమసుడివే. అక్కడ సహజమైనదాన్ని తెచ్చి ఇక్కడ అపురూపమని అమ్మితే, అది మాటను కూడా మోసం చేసినట్టే.

నెల్లూరు నుంచి ఒక తెలుగు మాస్టారు:

చాలా బాగా చెప్పారండీ. ఒక చిన్న మాట నావంతు. శంకు అంటే మేకు, గుంజ. అందుకే శంకుస్థాపన. పిలుపు కార్డుల్లో, ఫ్లెక్సీల్లో శంఖుస్థాపన అని వేస్తున్నారు, పునాదిరాయికి శంఖంతో పనిలేదు. అలాగే కావ్యాల్లో కనపడే కంబుకంఠిలో కంబు అంటే శంఖమే. మెడ మీది మూడు గీతల్ని చూసి అన్నారు. ఇంతకీ అడ్డం తిరిగేవి అంత అరుదెందుకు? వాటి పిల్లలన్నీ అలాగే పుట్టవా?

జవాబు:

మంచి ప్రశ్న మాస్టారూ. నత్తల్లో నూటికి తొంభైకి పైగా జాతులు కుడిసుడివే. ఎటు తిరగాలన్నది పిండం నాలుగు కణాల నుంచి ఎనిమిది కణాలయ్యేటప్పుడే తేలిపోతుంది. కొత్త కణాలు ఏ పక్కకి ఒరిగి కూర్చుంటే గుల్ల ఆ పక్కకే. చెరువు నత్తల మీద చేసిన పనిలో విచిత్రమైన సంగతి తెలిసింది. పిల్ల ఎటు తిరుగుతుందన్నది పిల్ల సొంత జన్యువులు చెప్పవు, తల్లి జన్యువులు చెబుతాయి. 1923లో స్టర్టెవాంట్ అనే జన్యుశాస్త్రవేత్త ఈ లెక్క తేల్చాడు. అంటే ఎడమసుడి తల్లికి కుడిసుడి పిల్లలు, కుడిసుడి తల్లికి ఎడమసుడి పిల్లలు పుట్టవచ్చు. పైగా గుల్ల తిరిగితే ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి, సుడి కలవని జంట కూడడమే చాలా జాతుల్లో కష్టం. అడ్డం తిరిగినవాటి వంశం పెరగకపోవడానికి అదొక కారణం.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

టార్చి వేసి చూశాం సార్. మడతలు లేవు, నున్నగా ఉంది. పిల్లకి చదివి వినిపించాను. దీన్ని పూజలోంచి తీసేయాలా? రికార్డులో దీని పేరు ఏమని రాసుకోమంటారు?

జవాబు:

పూజ మీ మనసుకు సంబంధించింది తల్లీ, ఉంచుకుంటారో లేదో మీ ఇష్టం. శంఖంలో పోస్తేనే తీర్థం అన్న సామెతను పట్టుకుంటారా, మీ నాన్నమ్మల నాటి మామూలు వామావర్త (కాలేజీ లెక్కలో కుడిసుడి) శంఖం ఉంటే అదే అసలైనది, దాన్నే వాడండి. మొన కోసి ఉంటే అది ఊదేది, మొన నిండుగా ఉంటే తీర్థానిది. కొన్నచోటికి వెళ్లి లోపలి మడతలేవని మర్యాదగా అడగండి, తప్పేం లేదు.

పాప రికార్డులో లైట్నింగ్ వెల్క్, ఎడమసుడి అని రాయమనండి. కుడిసుడి, ఎడమసుడి అన్నవి శాస్త్రానికి చక్కగా సరిపోయే తెలుగు మాటలు. దక్షిణావర్తం అని మాత్రం రాయొద్దు. రాయాల్సి వస్తే ఏ జాతిలో, ఎలా పట్టుకుని చూస్తే అన్నది పక్కనే రాయాలి.