ఫ్లై రీల్: కాంపోజిట్ చాలా, చెక్కిన మెటలే కావాలా?

మల్కాజ్‌గిరి గాలం:
అందరికీ నమస్తే. ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కట్టిన తేలికపాటి ఎర (ఫ్లై) విసిరి చేపలు పట్టడం, మొదలుపెట్టి నాలుగు నెలలైంది. 5 నంబర్ రాడ్, దాంతోపాటే వచ్చిన కాంపోజిట్ రీల్. ఇప్పటిదాకా సిటీ శివార్లలో డబ్బు కట్టి గాలం వేసే చెరువుల్లో జిలేబి చేపలే పట్టాను. అక్టోబర్‌లో ట్రౌట్ చేపల కోసం హిమాచల్‌లోని తీర్థన్ నదికి వెళ్తున్నాను. మెటల్ రీల్ కొనమని ఒకరు, దండగని ఇంకొకరు. ఏం చేయమంటారు?

బాలానగర్ లేత్:
మెటలే కొను తమ్ముడూ. పద్దెనిమిదేళ్లుగా బాలానగర్‌లో సీఎన్‌సీ మెషిన్ మీద అల్యూమినియం కోస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మంచి రీల్‌ను 6061-టీ6 అనే గట్టి రకం అల్యూమినియం దిమ్మ నుంచి చెక్కుతారు. పోత రీల్ కూడా మెటలే, కానీ పోతలో గాలి బుడగలు ఉండిపోవచ్చు, రాయి మీద పడితే పుటుక్కున విరుగుతుంది, దాని జోలికి పోవద్దు. కాంపోజిట్ అంటే నైలాన్‌లాంటి ప్లాస్టిక్‌లో గ్రాఫైటో ఫైబరో కలిపి అచ్చులో పోసేది. తేలిక, తుప్పు పట్టదు, ఒప్పుకుంటాను. కానీ చాలాకాలం బిగువు మీద ఉంటే ప్లాస్టిక్ ఆకారం మెల్లగా మారిపోతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. నా మొదటి రీల్ అలాగే పోయింది. బ్యాకింగ్‌కు, అంటే ఫ్లై లైన్ కింద స్పూల్‌కు ముందుగా చుట్టే దారానికి, పెద్దగా సాగని డాక్రాన్ వేయకుండా మామూలు తంగూసు బిగించి చుట్టాను, సాగిన తంగూసు మళ్లీ ముడుచుకుంటూ స్పూల్‌ను నొక్కేస్తుందని అప్పుడు తెలియదు. మే నెలలో ఒక మధ్యాహ్నమంతా కారు డిక్కీలో ఉండిపోయింది. సాయంత్రం చూస్తే స్పూల్ అంచు ఉబ్బి ఫ్రేమ్‌కు రాసుకుంటోంది, తిప్పితే తిరగదు. చాలా బాధేసింది. మెటల్‌కు సొట్ట పడితే సరిచేసుకోవచ్చు, బుష్ అరిగితే కొత్తది కోసి వేసుకోవచ్చు. వంకరపోయిన ప్లాస్టిక్‌ను ఏం చేయాలి?

మంజీరా వాలుగ:
అన్నా, ఆ తప్పు తంగూసుది, ఎండది. మన నీళ్లలో అసలు రీల్‌కు పనెంత? కొర్రమీను ఫ్లైని మింగిందంటే నేరుగా నాచులోకి దూరుతుంది, పది అడుగులు కూడా వదలకూడదు, లైన్ చేత్తో పట్టి లాగాల్సిందే. జిలేబి సంగతి చెప్పక్కర్లేదు. తీర్థన్‌లో నేను పట్టిన ట్రౌట్లన్నీ చేత్తో లాగినవే. ఫ్లై లైన్ దాదాపు 90 అడుగులు ఉంటుంది, అదంతా లాక్కుని బ్యాకింగ్ దాకా వెళ్లిన చేప ఆరేళ్లలో నాకు ఒక్కటీ తగల్లేదు. అలాంటప్పుడు రీల్ అంటే లైన్ చుట్టిపెట్టుకునే డబ్బా, అంతే. తమ్ముడూ, ఆ డబ్బు మంచి లైన్ మీద పెట్టు. నేర్చుకునే రోజుల్లో నేను ఉన్నదంతా రీల్‌కు పోసి దానికి నాసిరకం లైన్ చుట్టాను, విసురు ఎందుకు కుదరట్లేదో తెలియక ఏడాది పోగొట్టుకున్నాను.

బాలానగర్ లేత్:
లైన్ గురించి నువ్వు చెప్పింది నిజం, దానికి ఎదురు చెప్పను. కానీ మహశీర్ లాంటి బలమైన పెద్ద నది చేప దగ్గర రీల్ డబ్బా అంటే కుదరదు. ఉత్తరాఖండ్‌లోని పంచేశ్వర్‌లో, సరయూ వచ్చి మహాకాళిలో కలిసే చోట, ఒక చేప ప్రవాహంతోపాటు కిందికి పరుగు తీసి నా లైన్ మొత్తం, బ్యాకింగ్‌లో సగం పట్టుకుపోయింది. అలాంటి పరుగులో డ్రాగ్, అంటే రీల్‌లోని బ్రేక్, రాపిడికి వేడి పుడుతుంది. అల్యూమినియం ఆ వేడిని లాగేసి గాలికి వదిలేస్తుంది, ప్లాస్టిక్ లోపలే ఉంచేస్తుంది. వాషర్లు వేడెక్కితే డ్రాగ్ ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టేస్తుంది. పట్టేసిన ఆ క్షణంలోనే టిప్పెట్, అంటే ఫ్లైకి కట్టే చివరి సన్నని దారం, తెగుతుంది, ఎంత మంచి ముడి వేసినా సరే.

మంజీరా వాలుగ:
పంచేశ్వర్‌కు మెటలే, ఒప్పుకున్నా. తమ్ముడు వెళ్తున్నది తీర్థన్‌కు కదన్నా.

బాలానగర్ లేత్:
అవును, ప్రశ్న అదే, నేనే మహశీర్ దాకా పోయాను. తీర్థన్‌కు ఉన్న రీల్‌తోనే వెళ్లు తమ్ముడూ. కాకపోతే ముందు రాడ్‌కు బిగించే కాలు దగ్గర సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడు, నా దగ్గరికి వచ్చిన కాంపోజిట్ రీళ్లు ఎక్కువగా అక్కడే విరిగాయి. బ్యాకింగ్ డాక్రానేనా? తంగూసైతే ఈరోజే విప్పెయ్.