చైనీస్ రుచి పాస్తా సలాడ్: కలిపినప్పుడు కరకర, తినేసరికి మెత్తన

తెల్లారిషిఫ్టు:

అందరికీ నమస్కారం. నాలుగు వారాలుగా ఒక్క వంటకాన్నే పట్టుకుని కూర్చున్నాను, ఇంకా దారికి రాలేదు. చల్లటి పాస్తా సలాడ్, చైనీస్ రుచితో. సోయా సాస్, వెనిగర్, నువ్వుల నూనె, అల్లం, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, కీరదోస, పైన వేయించిన బాదం పలుకులు. ఒక స్నేహితురాలి ఇంట్లో మొదటిసారి తిన్నాను. క్యాబేజీ నములుతుంటే ఆ చప్పుడు పక్కవాళ్లకి వినపడేటంత కరకరలాడింది. ఎలా చేశావని అడిగితే "అన్నీ కలిపెయ్యడమే" అంది.

నేనూ అన్నీ కలిపేస్తున్నాను. పొద్దున ఐదింటికి కలిపి, డబ్బాలో సర్దుకుని పనికి వెళ్తాను. తినేది పదకొండింటికి. మూత తియ్యగానే అడుగున ఒక వేలెడు మందాన గోధుమరంగు నీళ్లు. పాస్తా ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, కొరికితే నడిమధ్యలో గట్టిగా తగులుతున్నాయి. బాదం నానబెట్టిన గింజల్లా అయిపోతోంది. పొద్దున రుచి చూస్తే పుల్లపుల్లగా, ఉప్పగా చక్కగా ఉంటుంది, పదకొండింటికి అదే సలాడ్ చప్పగా ఉంటుంది.

చేస్తున్నది ఇదీ. 250 గ్రాముల మెలికల పాస్తా, ఫ్యూసిలీ. ప్యాకెట్ మీద 10 నిమిషాలని ఉంటే, కాస్త పలుకు మీద దించాలని ఎక్కడో చదివి 9 నిమిషాలకే దించేస్తున్నాను. నీళ్లు వార్చి, ఆరాక కూరగాయలు, డ్రెస్సింగ్, బాదం అన్నీ ఒకేసారి వేసి కలుపుతున్నాను. పోయినవారం నీళ్లు తగ్గుతాయేమోనని వెనిగర్ సగానికి తగ్గించాను. నీళ్లు అన్నే వచ్చాయి, రుచి మాత్రం ఇంకా పోయింది.

ఎక్కడ తప్పుతోందో చెప్తారా? ఆ రోజు తిన్న రుచి ఇంకా నాలిక మీదే ఉంది, వదిలెయ్యబుద్ధి కావట్లేదు.

నువ్వుగింజ:

తెల్లారిషిఫ్టు గారూ, మీ డబ్బా అడుగున చేరుతున్నది చాలామటుకు క్యాబేజీ, కీరదోసల నీళ్లండీ. క్యాబేజీలో నూటికి 92 వంతులు, కీరదోసలో 95 వంతులు నీరే. సోయా సాస్‌లోని ఉప్పు తగలగానే అది ఊరడం మొదలుపెడుతుంది, మీరు తినే ఆరు గంటలదాకా ఊరుతూనే ఉంటుంది. ఆ నీరే డ్రెస్సింగ్‌ని పలచన చేసి రుచిని చంపుతోంది, ఆ తడే బాదంని నానబెడుతోంది. మీరు వెనిగర్ తగ్గించినా లాభం లేకపోయింది అందుకే. ఎలాగూ వచ్చే నీళ్లని ముందే పిండి పారబొయ్యండి.

300 గ్రాముల క్యాబేజీని అగ్గిపుల్ల మందాన తరగండి. మరీ దారాల్లా తరిగితే పిండాక పీచులా అయిపోతుంది. ముప్పావు చిన్న చెంచా ఉప్పు చల్లి, చేత్తో ఒకసారి పైకీ కిందికీ కలిపి, జల్లెడలో వేసి 20 నిమిషాలు వదిలెయ్యండి. మొదటి పది నిమిషాలూ ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ముక్కల అంచులు తళతళ మెరుస్తాయి, కింద గిన్నెలో టప్‌టప్‌మని చుక్కలు పడతాయి. అప్పుడు గుప్పెడేసి తీసుకుని పిండండి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య ఒత్తితే చాలు. నాకు మూడు నాలుగు పెద్ద చెంచాల నీళ్లు వస్తాయి. మీ డబ్బా అడుగున తేలుతున్నవి ఇవే.

ఇలా పిండిన క్యాబేజీ పచ్చిదానిలా ఫట్‌మని విరగదు. కాస్త వంగి, పంటి కింద కరుక్కుమంటుంది. పచ్చి క్యాబేజీ కరకర గంటలో పోతుంది, ఇది మర్నాటిదాకా ఉంటుంది. డబ్బాలో పెట్టుకునేవాళ్లకి కావలసింది ఇదే. ఒక ముక్క నమిలి చూసి ఉప్పెక్కువనిపిస్తే చన్నీళ్లలో ఒక్కసారి జాడించి మళ్లీ పిండండి.

కీరదోసని నిలువుగా చీల్చి, నడిమి గింజల గుజ్జు చెంచాతో గీకేస్తే సగం బెడద వదులుతుంది. క్యారెట్‌కీ ఎర్ర క్యాప్సికంకీ ఉప్పు అక్కర్లేదు, అవి అంతగా ఊరవు. కడిగిన తడి మాత్రం బట్టతో పూర్తిగా తుడవండి. ఉల్లికాడలు తినేముందు.

ఇక పాస్తా. పలుకు మీద దించడం వేడివేడిగా తినేదానికి. ఉడికినప్పుడు నీరు పీల్చుకుని మెత్తబడిన పిండి, చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టే పాస్తా ప్యాకెట్ మీద చెప్పినదానికన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువే ఉడకాలి. మీ 10 నిమిషాల పాస్తాకి 11 నుంచి 12. వేడి మీద కొరికితే "అయ్యో, మెత్తబడిందే" అనిపించాలి, చల్లారాక సరిగ్గా కుదురుతుంది. 250 గ్రాములకి రెండున్నర లీటర్ల నీళ్లు, 25 గ్రాముల ఉప్పు. ఉప్పు ఇక్కడే పట్టాలి, చల్లారిన పాస్తా లోపలికి తర్వాత పట్టదు. వార్చగానే చన్నీళ్ల కింద వేళ్లతో కదుపుతూ కడగండి. పైనున్న జిగురు పోతే ముద్దకట్టదు. ఆ తర్వాత జల్లెడని నాలుగుసార్లు గట్టిగా విదిలించండి, ఫ్యూసిలీ మెలికల్లో నీళ్లు దాక్కుంటాయి.

డ్రెస్సింగ్‌కి నా కొలత: సోయా సాస్, రైస్ వెనిగర్, వాసన లేని నూనె తలా మూడు పెద్ద చెంచాలు, చక్కెర ఒకటి, వేయించిన నువ్వుల నూనె ఒకటి. తురిమిన అల్లం చిన్న చెంచాడు, ఒక వెల్లుల్లి రెబ్బ, కారం మీ ఇష్టం. నువ్వుల నూనె దగ్గర ఆగి చూడండి. లేత పసుపురంగుది పచ్చి నువ్వుల నూనె, ఎంత పోసినా ఈ రుచి రాదు. వేయించిన నువ్వుల నుంచి తీసినది ముదురు గోధుమరంగులో ఉంటుంది, మూత తియ్యగానే వాసన వస్తుంది. దాన్ని పొయ్యి మీద పెట్టకండి, ఆ వాసన ఎగిరిపోతుంది. చక్కెర నూనెలో కరగదు కాబట్టి ముందు వెనిగర్‌లో కరిగించండి. వెల్లుల్లి తురుమగానే అదే వెనిగర్‌లో వేస్తే ఘాటు కూడా తగ్గుతుంది.

సగం డ్రెస్సింగ్ పాస్తాకి రాత్రే పట్టించండి. మిగతా సగం చిన్న సీసాలో వేరే తీసుకెళ్లండి. చల్లటివి తింటున్నప్పుడు నాలికకి రుచి తక్కువ తెలుస్తుంది, కాబట్టి కలిపేటప్పుడు ఒక పిసరు ఎక్కువ పులుపు, ఎక్కువ తీపి అనిపించేలా ఉంచండి.

పైన కరకరకి నేను వాడేది పచ్చి ఇన్‌స్టంట్ నూడుల్స్ అట్టు. మసాలా పొట్లం తీసి పక్కన పెట్టి, అట్టుని కవర్‌లోనే గుప్పిటతో చిదిపి, చెంచాడు నూనెలో సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు కదుపుతూ వేయిస్తాను. అంచులు తేనెరంగుకి తిరగ్గానే పళ్లెంలోకి, ఎందుకంటే దించాక కూడా రంగు ముదురుతూనే ఉంటుంది. బాదం, నువ్వులు కూడా అదే మూకుట్లో. పూర్తిగా చల్లారాకే చిన్న డబ్బాలో పెట్టాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత పెడితే లోపల చెమ్మ పట్టి, మీ సలాడ్ తగలకముందే మెత్తబడతాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఐదింటికి కలిపి పదకొండింటికి తింటున్నారు, మధ్యలో డబ్బా ఎక్కడుంటోంది? ఉడికిన పాస్తాని బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీళ్లకి కూడా చావవు, గది వేడిమిలో పెరిగి కడుపు పాడుచేస్తాయి. పనిచేసేచోట ఫ్రిజ్ ఉంటే వెళ్లగానే అందులో పెట్టండి. లేకపోతే మంచు ప్యాక్ పెట్టిన సంచిలో తీసుకెళ్లండి. 5 డిగ్రీల లోపు ఉండాలి.

గాలిపళ్లెం:

పాస్తా కడగడం ఒక్కటీ నేను ఒప్పుకోనండీ. కడిగితే జిగురుతోపాటు పట్టిన ఉప్పూ కొంత పోతుంది, పైగా ఎంత విదిలించినా తడి మిగులుతుంది. నీళ్లతోనే గొడవ అన్నప్పుడు మళ్లీ నీళ్లెందుకు? చైనాలో సిచువాన్ వాళ్లు లియాంగ్‌మియన్ అనే చల్లటి నూడుల్స్ చేసేటప్పుడు కడగరు. వార్చగానే కాస్త నూనె పట్టించి, వెడల్పుగా పరిచి, విసురుతూ చల్లారుస్తారు. ఆవిరి పోతున్నకొద్దీ పైన తడి ఆరి ఏ పోగుకి ఆ పోగు విడివిడిగా నిలుస్తుంది. నేను పాస్తాకీ అదే చేస్తాను. పెద్ద పళ్లెం, చెంచాడు నూనె, టేబుల్ ఫ్యాన్ ముందు పది నిమిషాలు. మధ్యలో రెండుసార్లు కదపాలి.

ఇంకోటి, కీరదోస గింజలు తీశాక చాకుతో ముక్కలు కొయ్యకండి. కత్తి పలకతో అదిమి పగలగొట్టి, చేత్తో తుంచండి. చైనా ఇళ్లలో చల్లగా కలిపే కీరదోస చేసేది ఇలాగే. నున్నగా కోసిన ముక్క మీద డ్రెస్సింగ్ జారిపోతుంది, పగిలిన గరుకు అంచుల్లో పట్టుకుంటుంది.

పాస్తాతో, పైన వేయించిన నూడుల్స్‌తో చేసే ఈ సలాడ్ మాత్రం అమెరికాలో పుట్టిన పద్ధతి. అక్కడి చైనీస్ చికెన్ సలాడ్‌కి ఇది దగ్గరి చుట్టం. సిల్వియా వూ 1959లో సాంటా మోనికాలో తెరిచిన మేడమ్ వూస్ గార్డెన్ ఆ చికెన్ సలాడ్‌కి బాగా పేరుపడింది. సోయా, వెనిగర్, నువ్వుల నూనె కలిపిన చల్లటి కూరగాయలు చైనా వంట, పైన వేసే కరకర అక్కడివాళ్లు జోడించింది.

నువ్వుగింజ:

గాలిపళ్లెం గారూ, సన్నటి నూడుల్స్‌కి మీ పద్ధతే మంచిదని నేనూ అంటాను. ఫ్యూసిలీ మందం వేరు కదా. ఫ్యాన్ ముందు పెట్టినా లోపలి వేడి చాలాసేపు పోదు, ఆ వేడికి ఇంకా ఉడుకుతూ మెత్తబడుతుంది. పైగా నూనె పొర పట్టిన పాస్తా మీద సోయా, వెనిగర్ సరిగ్గా నిలవవు. నేను కడుగుతూనే ఉంటాను.

చిన్నవంటిల్లు:

మా అబ్బాయికి పల్లీలూ బాదమూ పడవు, అందుకని ఈ సలాడ్ మా ఇంట్లో గుమ్మడి గింజలతో నడుస్తుంది. పొడి మూకుట్లో వేయిస్తే బుడ్డల్లా ఉబ్బి చిటపటలాడతాయి, ఆ చప్పుడు ఆగేలోపే దించాలి. నలుగురికి పెట్టేవాళ్లు నువ్వుల సంగతి కూడా ముందే అడగండి. నువ్వులు పడనివాళ్లు ఉంటారు, నూనెలో ఉన్నవి కంటికి కనపడవు. ఒకసారి మా బంధువులింట్లో ఎవరూ చెప్పకుండా వడ్డించిన పదార్థంలో పల్లీలు పడి, మా వాడి పెదాలు వాచిపోయి ఆస్పత్రికి పరుగెత్తాం. అప్పటినుంచి నేను పైన చల్లేవన్నీ విడి గిన్నెల్లో పెట్టి, పేరు చెప్పి వడ్డిస్తాను.

తెల్లారిషిఫ్టు:

వారం తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూడాలనుకున్నాను. 250 గ్రాముల పాస్తా 12 నిమిషాలు ఉడికించి, సగం కడిగాను, సగం నూనె పట్టించి ఫ్యాన్ ముందు ఆరబెట్టాను. రెండింటికీ ఒకే డ్రెస్సింగ్ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను.

కడిగినది పొద్దున్నకి ఏ ముక్కకి ఆ ముక్క విడిపోయి ఉంది. ఆరబెట్టినది రెండు మూడు చోట్ల అతుక్కుంది, చెంచాతో విడదీస్తే వచ్చింది. దాని రుచి మాత్రం కాస్త నిండుగా ఉందని ఒప్పుకోవాలి. నా డబ్బాకి కడిగిన పాస్తానే ఖాయం చేసుకున్నాను. తీరిగ్గా ఇంట్లో తినేరోజు పళ్లెం పద్ధతి.

క్యాబేజీ పిండితే నాలుగు చెంచాల నీళ్లొచ్చాయి. గాజు గ్లాసులో పోసి చూస్తూ నిలబడిపోయాను. పదకొండింటికి మూత తీస్తే డబ్బా అడుగు పొడిగా ఉంది! డబ్బా ఇదివరకు నా బ్యాగులోనే పడుండేది, ఇప్పుడు ఆఫీసుకి వెళ్లగానే ఫ్రిజ్‌లోకి పోతోంది. చిన్న సీసాలోది పోసి, వేయించిన నూడుల్స్ చల్లుకుని తిన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ "ఏంటండీ ఆ చప్పుడు" అని తలెత్తి చూసింది.

ఒక్క లోటు మిగిలింది. క్యాబేజీ కాస్త ఉప్పెక్కువైంది, జాడించడం మర్చిపోయాను. సోయా తగ్గించమంటారా?

నువ్వుగింజ:

సోయా తగ్గిస్తే రంగూ వాసనా రెండూ పోతాయండీ. క్యాబేజీకి ఉప్పు అర చిన్న చెంచా చేసి, 20 నిమిషాల బదులు 30 ఉంచండి. నీళ్లు దాదాపు అన్నే వస్తాయి. పిండాక జాడించే పని కూడా తప్పుతుంది. డ్రెస్సింగ్‌లో రెండున్నర పెద్ద చెంచాల సోయా పోసి, మిగతా అరచెంచా తినేముందు రుచి చూసి వేసుకోండి. ఎదురుగా కూర్చునే ఆవిడకి కూడా ఒక డబ్బా తీసుకెళ్లండి, నువ్వులు పడతాయో లేదో అడిగి.