సమస్యాపూరణం: “గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్”

పృచ్ఛకుడు:

ఈ వారం సమస్య కందపద్యంలోని చివరి పాదం.

గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్

పూరణ ఉత్తరాది యూరప్ వీరగాథల్లోని సిగుర్డ్ కథకు చెంది ఉండాలి. కథ కొత్తగా వింటున్నవారి కోసం నాలుగు మాటలు. సిగ్మండ్ రాజు యుద్ధంలో కూలిన తరువాత పుట్టిన కొడుకు సిగుర్డ్. రెగిన్ అనే కమ్మరి అతడిని పెంచాడు. రెగిన్‌కు అన్న అయిన ఫాఫ్నిర్ బంగారం మీది ఆశతో కన్నతండ్రినే చంపి, గ్నిటా అనే బీడులో మహాసర్పమై ఆ నిధి మీద పడుకున్నాడు. ఆ బంగారానికి శాపం ఉంది. సిగ్మండ్ విరిగిన కత్తి ముక్కలతో రెగిన్ ‘గ్రామ్’ అనే ఖడ్గం చేసి ఇచ్చాడు. సిగుర్డ్ దానితో ఒక్క వేటు వేస్తే దాగలి నిలువునా చీలిపోయింది. సర్పం నీళ్లకు వెళ్లే దారిలో గొయ్యి తవ్వి, అందులో పొంచి, పైనుంచి పాకుతున్న ఫాఫ్నిర్ గుండెలోకి సిగుర్డ్ ఆ కత్తిని దింపాడు.

ఈ కథ ఐస్‌లాండులో 13వ శతాబ్దంలో రాసిన వోల్సుంగా సాగాలో వచనంగా ఉంది. 1270 ప్రాంతపు తోలుప్రతిలో దొరికిన ఎడ్డా గీతాల్లో పద్యాలుగా ఉంది. ఈ రెండూ దాటి పోకండి.

ప్రాస తకారం. సమస్య గురువుతో మొదలవుతుంది కనుక అన్ని పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి.

చాతకం:

ప్రీతిగఁ బసిడినిఁ గాచెడి
పాతకి ఫాఫ్నిరుని గుండె భగ్నము సేయన్
జేతను ఖడ్గముఁ బూనుచు
గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్.

పాతపుస్తకం:

చాతకం గారూ, మొదటి పూరణే ఇంత సాఫీగా రావడం సంతోషం. రెండో పాదంలో పా–భ యతి చక్కగా కుదిరింది, ‘ఫాఫ్నిరుని’ అన్న పరాయి పేరు కందంలో ఇరుక్కోకుండా ఒదిగింది. మూడో పాదం మాత్రం ఖాళీగా ఉంది. ఖడ్గం చేతితో కాక మరి దేనితో పట్టుకుంటారు? ‘చేతను’ ప్రాస కోసమే వచ్చింది. అక్కడ కథ చెప్పడానికి చోటుంది. ఆ కత్తి తండ్రిది, విరిగి మళ్లీ అతికినది. ఇలా చూడండి:

ఖ్యాతిఁ గల తండ్రి యసిఁ గొని

చాతకం:

స్వీకరించాను. తండ్రి ప్రస్తావన రాగానే తండ్రిని చంపినవాడికీ తండ్రి కత్తి పట్టినవాడికీ మధ్య పోరుగా పద్యం మారిపోయింది. ధన్యవాదాలు.

కొత్తకలం:

ఇది నా తొలి కందం. తప్పులుంటే చెప్పండి.

హితమని పక్షులు పలుకఁగ
ఘాతుకు రెగినుని శిరమ్ము ఖండించె వడి
న్నా తరుణమునకు ముందుగ
గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్.

పృచ్ఛకుడు:

కొత్తకలం గారూ, తొలి ప్రయత్నంలోనే ఘా–ఖ యతి వేశారు, ‘వడి న్నా’ దగ్గర సంధిని మరచిపోలేదు. ఒక్క దోషం: ‘హిత’లో తొలి అక్షరం లఘువు. ‘గోతి’తో ప్రాస కలవాలంటే అది గురువు కావాలి. ‘నీతులు పక్షులు పలుకఁగ’ అంటే సరిపోతుంది.

విషయం చాలా బాగా పట్టుకున్నారు. ఫాఫ్నిర్ గుండె కాలుస్తూ ఉడికిందో లేదో చూడబోయి సిగుర్డ్ వేలు కాల్చుకుంటాడు. ఆ వేలు నోట్లో పెట్టుకోగానే పక్షుల భాష తెలుస్తుంది, రెగిన్ తనను చంపబోతున్నాడని వింటాడు. అంత కథను ఒక్క పాదంలో సూచించారు. అయితే ‘ఆ తరుణమునకు ముందుగ’ అన్నది కాలక్రమం చెబుతుందే కాని, గోతిలో దాగడం ఎందుకు మెచ్చదగినదో చెప్పదు. సమస్యలో చిక్కు అలాగే మిగిలిపోయింది.

మందారం:

తాత యొకం డరుదెంచుచు
గోతులఁ బెక్కింటిఁ జేయఁ గూర్మిని జెప్పన్
ఘాతకు నెత్తురు దప్పఁగ
గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్.

పాతపుస్తకం:

మందారం గారూ, సాగా చదివినవారి పూరణ ఇది. రెగిన్ ఒక్క గొయ్యి చాలన్నాడు. సర్పం నెత్తురు మీద పడితే నా గతి ఏమిటని సిగుర్డ్ అడిగాడు. అప్పుడు పొడవైన గడ్డంతో ఒక ముసలివాడు వచ్చి, అనేక గోతులు తవ్వు, నెత్తురు వాటిలోకి పారుతుంది, నువ్వు ఒకదానిలో కూర్చో అని చెప్పి మాయమయ్యాడు. ఆ తాత ఓడిన్ దేవుడే. పేరు చెప్పకుండా ‘తాత’ అని ఊరుకోవడం ఈ పద్యానికి అందం. గాథలో కూడా ఆయన పేరు చెప్పుకోడు.

‘అరుదెంచుచు’ దగ్గర ఆగాను. వస్తూ చెప్పలేదు, వచ్చి చెప్పాడు. ‘తాత యొకఁడు వచ్చి నిలిచి’ అంటే గణాలు చెడవు, అర్థం నిలబడుతుంది.

మందారం:

‘వచ్చి నిలిచి’ నాకు నచ్చింది. మార్చుకుంటున్నాను.

నెమలికన్ను:

నేను ఈ పాదాన్ని ఒప్పుకోలేను. అందుకే ప్రశ్నగా పూరించాను.

చేతము గలఁగక మంటల
నాతి కొఱకు దాఁటినట్టి నరు మెత్తు రిలన్
ఘాతుకు భయమునఁ జీఁకటి
గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్?

వాలిని చెట్టుచాటు నుంచి కొట్టినందుకు రాముడినే ఇన్ని వందల ఏళ్లుగా ప్రశ్నిస్తున్నాం. సిగుర్డ్‌ను ఎందుకు వదిలిపెట్టాలి? వీరుడు ఎదురు నిలిచి పోరాడాలి.

పృచ్ఛకుడు:

పద్యంగా ఇప్పటివరకు వచ్చినవాటిలో ఇదే ధారాశుద్ధి కలది. కాకువుతో, అంటే ప్రశ్నించే గొంతుతో, సమస్యను తిప్పడం పాత పద్ధతే అయినా, ఇక్కడ అభిప్రాయం కోసం వాడారు కనుక ఒప్పుతుంది.

పాతపుస్తకం:

నెమలికన్ను గారూ, పద్యం మెచ్చుకుంటూనే రెండు విషయాల్లో విభేదిస్తాను.

మొదటిది మంటల సంగతి. సాగాలో సిగుర్డ్ మంటలు దాటింది తన కోసం కాదు. మతిమరపు పానీయం తాగి, తాను మాట ఇచ్చిన బ్రిన్‌హిల్డ్‌ను మరచిపోయిన తరువాత, బావమరిది గునార్ రూపం ధరించి, గునార్ కోసం దాటాడు. మూడు రాత్రులు ఇద్దరి మధ్య కత్తి పెట్టుకుని పడుకున్నాడు. అతని చావుకు దారితీసిన మోసం ఆ మంటల్లోనే మొదలైంది. ఆ సాహసాన్ని ఎత్తి చూపి గోతిని తక్కువ చేయడం నాకు సమ్మతం కాదు.

రెండోది ‘భయమున’ అన్న మాట. సరిగ్గా ఈ నిందే కథలోనూ ఉంది. నెత్తురు సంగతి అడిగినందుకు రెగిన్ అతడిని పిరికివాడన్నాడు, నీ వంశం వాళ్ల ధైర్యం నీకు లేదన్నాడు. అంత మాట అన్న రెగిన్, సర్పం రాకముందే భయంతో పారిపోయాడు. సిగుర్డ్ ఉన్నచోటే ఉన్నాడు. భూమి అదురుతుంటే, ముందున్న దారంతా విషం చిమ్ముకుంటూ పాము వస్తుంటే, తలపైకి వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఎడమ భుజం కింద పిడి దాకా దింపి, బయటికి దూకి కత్తి లాక్కున్నప్పుడు భుజాల వరకు చేతులు నెత్తుటితో తడిశాయి. చెట్టుచాటున ఉన్న రాముడికి వాలి వల్ల ప్రమాదం లేదు. ఇక్కడ గోతిలో ఉన్నవాడి మీదికే ప్రమాదం వస్తోంది.

తరువాత రెగిన్ తిరిగొచ్చి, కత్తి చేసింది నేను కదా, గెలుపులో నాకూ పాలుందంటాడు. కత్తి బలం కన్నా గుండె ధైర్యం గొప్పదని సిగుర్డ్ జవాబిస్తాడు. ఎడ్డా గీతంలో నాకు ఎంతో ఇష్టమైన చోటు అది.

నెమలికన్ను:

రెగిన్ పారిపోయిన సంగతి ఒప్పుకుంటున్నాను, అది నా పద్యంలో లేని లోపమే. అయినా ఒక మాట. చనిపోతూ ఫాఫ్నిర్ పేరడిగితే సిగుర్డ్ మొదట పేరు దాచాడు. గోతిలో దాగినవాడు పేరును కూడా దాచాడు. అది నన్ను ఇంకా కలవరపెడుతోంది. నా ప్రశ్నార్థకాన్ని తీసివేయను.

పృచ్ఛకుడు:

తీయనక్కరలేదు. చనిపోయేవాడు పేరు పెట్టి శపిస్తే ఆ శాపం తగులుతుందని ఆ కాలపు నమ్మకం, అందుకే దాచాడు. వెంటనే తన పేరు, తండ్రి పేరు చెప్పాడు కూడా.

తుమ్మెద:

స్నాతుండై రక్తంబున
వాతము రాల్చిన దళమ్ము వాలఁగ వీఁపున్
జాతాభేద్యాంగుండై
గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్.

పాతపుస్తకం:

తుమ్మెద గారూ, ‘వాతము రాల్చిన దళమ్ము వాలఁగ’ అన్న పాదం నడక ఎంత మెత్తగా ఉందో! కాని ఇది మరో వీరుడి కథ. సర్పరక్తంలో స్నానం, వీపు మీద పడిన ఆకు, ఆ ఒక్కచోటే ఆయుధం దిగే మర్మం, ఇవన్నీ 1200 ప్రాంతపు జర్మన్ కావ్యం నిబెలుంగెన్‌లీడ్‌లోని సీగ్‌ఫ్రీడ్‌వి. మూలం ఒకటే అయినా దారులు వేరు. సీగ్‌ఫ్రీడ్‌ను అడవిలో ఊట దగ్గర హాగెన్ ఈటెతో పొడిచాడు. సిగుర్డ్‌ను పడకలో నిద్రపోతుండగా గునార్ తమ్ముడు గుట్టోర్మ్ కత్తితో పొడిచాడు. సిగుర్డ్ దేహం ఎప్పుడూ అభేద్యం కాలేదు. అభేద్యమైతే గోతిలో కూర్చోవడంలో గొప్పేముంది? పైగా మీ వరుసలో నెత్తుటి స్నానం ముందు, దాగడం తరువాత వచ్చాయి.

తుమ్మెద:

వేరే కథతో కలిసిపోయింది. ఈ పద్యం పక్కన పెట్టి మళ్లీ ప్రయత్నిస్తాను.

మందారం:

ఇంకొకటి.

సేతువు చెంతను వెలసిన
రాతినిఁ గనుఁడయ్య పాము రక్కసుఁ డడఁగన్
ఘాతము దిగువ నొసంగుచు
గోతిని దాఁగిన మగండె కొనియాడఁబడున్!

పృచ్ఛకుడు:

ఇదే ఈ వారం ఉత్తమ పూరణ.

చదివేవారి కోసం వివరం. స్వీడన్‌లో ఎస్కిల్‌స్టూనా దగ్గర రామ్‌సుండ్ బండ మీద 1030 ప్రాంతంలో చెక్కిన బొమ్మ ఉంది. సిగ్రిడ్ అనే ఆమె హోల్మ్‌గెయిర్ అనే ఆయన ఆత్మశాంతికి అక్కడ వంతెన కట్టించి ఆ సంగతి రూనిక్ అనే పాత ఉత్తరాది లిపిలో రాయించింది. ఆ రాత సాగిన పట్టీయే పాము ఒళ్లు. తల తెగిన రెగిన్, అతని కొలిమి పనిముట్లు, చెట్టుకు కట్టిన సిగుర్డ్ గుర్రం గ్రాని, కొమ్మ మీద పక్షులు, వేలు నోట్లో పెట్టుకున్న సిగుర్డ్, అన్నీ ఆ పట్టీ లోపల ఉన్నాయి. కాని సర్పాన్ని పొడిచే సిగుర్డ్ మాత్రం పట్టీకి బయట, కింద ఉన్నాడు. కింది నుంచి పైకి కత్తి దూస్తున్నాడు. కత్తి వెళ్లి ఆ అక్షరాల పట్టీలోనే దిగుతోంది.

శిల్పి అతడిని పాముకు ఎదురుగా గుర్రం మీద నిలబెట్టి ఉండవచ్చు. గోతిలో ఉన్నవాడినే చెక్కాడు. సమస్యలోని ‘కొనియాడఁబడున్’ అన్న క్రియకు మిగతా పూరణలన్నీ కారణం వెతికాయి. మందారం గారి పద్యం కొనియాడిన చోటునే చూపించింది. దాదాపు వెయ్యేళ్లుగా ఆ బండ మీద అతడు ఆ భంగిమలోనే ఉన్నాడు. ‘దిగువ నొసంగుచు’ అన్న రెండు మాటలు బొమ్మను చూసి రాసినవే.

నెమలికన్ను:

మందారం గారికి అభినందనలు. ‘సేతువు’తో మొదలుపెట్టడం వల్ల చనిపోయినవారి కోసం చేసిన పుణ్యకార్యం కూడా పద్యంలోకి వచ్చింది. ప్రాస కోసం వెతికితే దొరికే మాట కాదది.

పృచ్ఛకుడు:

వచ్చే వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ఈ కథ నుంచే. గునార్, బ్రిన్‌హిల్డ్‌ల పెళ్లి ఘట్టం చదివి రండి. అక్కడ మంట దాటినవాడు ఒకడు, పెళ్లాడినవాడు ఇంకొకడు.

మంట దాఁటినట్టి మగఁడు కాఁడు