బ్యాండ్ తీసేసి కాల్చాను, లిమిటెడ్ ఎడిషన్‌కి 84 వచ్చింది

బూడిదరాయుడు:
క్యూబా వాళ్ల లిమిటెడ్ ఎడిషన్ సిగార్, ఎడిసియోన్ లిమిటాడా ఒకటి. బ్రాండ్ చెప్పను, చెబితే గొడవంతా దాని మీదికే పోతుంది. మూడు సిగార్లు మా తమ్ముడి చేతికిచ్చి, బ్రాండ్ పేరుండే కాగితం బ్యాండ్లు తీయించి, అంకెలేసిన కాగితాలు చుట్టించాను. ఒకటి లిమిటెడ్, మిగతా రెండూ అదే బ్రాండ్‌లో ఎప్పుడూ దొరికే మామూలు రకం. రోజుకొకటి కాల్చాను.

రెండో నంబరు వెలిగించకముందు వాసన అద్భుతం, కోకో, పాత తోలు. మొదటి మూడో వంతులో మిరియాల ఘాటు. పొగ ముక్కులోంచి వదిలితే తియ్యటి మట్టివాసన. సగం దాటాక బిగుసుకుపోయింది, లాగితే బుగ్గలు నొప్పి. రెండుసార్లు ఆరిపోయింది, చివర చేదు. నూటికి 84 వేశాను. మిగతా వాటికి 88, 87. కాగితాలు విప్పితే ఆ రెండో నంబరే లిమిటెడ్.

నిప్పురవ్వ:
ఒక్కటి కాల్చి మార్కులేంటి రాయుడన్నా? చేత్తో చుట్టినవి. ఒకదానిలో ఆకు కాస్త మెలిపడితే చాలు, గాలి ఆడదు. ఇంతకీ సిగార్లు దాచే నీ హ్యూమిడార్‌లో తేమెంత?

బూడిదరాయుడు:
66 శాతం.

నిప్పురవ్వ:
ఆ 66 చెప్పిన మీటరుకి ఉప్పు పరీక్ష ఎప్పుడు చేశావు? మూత బిగించిన డబ్బాలో తడిపిన ఉప్పు, పక్కన మీటరు. కొన్ని గంటలాగి చూస్తే 75 చూపించాలి. బిగుసుకోవడం, ఆరిపోవడం, చివర చేదు, మూడూ తేమ ఎక్కువైతే వచ్చేవే.

సగంకాలింది:
నా మీటరు నాలుగేళ్లుగా 65 దగ్గరే ఉంది. తలుపు తెరిచి పెట్టినా అంతే. మంచి మీటరు.

బూడిదరాయుడు:
మిగతా రెండూ అదే హ్యూమిడార్‌లో, అదే అరలో ఉన్నాయి తమ్ముడూ. వాటికి లేని తడి దీనికే వచ్చిందా?

నిప్పురవ్వ:
వస్తుంది. లిమిటాడా పై ఆకు ముదురు రంగు, మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలిన ఆకు. మందం, నూనె ఎక్కువ, మెల్లగా కాలుతుంది. మామూలు దానికి సరిపోయిన తేమ దీనికి ఎక్కువ. నేనైతే 62 దగ్గర ఉంచుతాను. పైగా నీది 54 మందం, అంటే అంగుళంలో 64వ వంతులు 54. లోపల ఎంత ఆకు ఉంటుందో ఆలోచించు. పైపైన ఆరినట్టున్నా నడుమ తడి ఉంటుంది.

పొగచూరు:
54 అయితే చూడగానే తెలిసిపోదా? ఇక బ్యాండ్ తీసి లాభమేంటి?

బూడిదరాయుడు:
మామూలువి 52. ఆ తేడా చేతికి తెలియదు. రంగు మాత్రం కొంచెం తెలుస్తుంది, ఒప్పుకుంటాను.

నిప్పురవ్వ:
ఇది ఊరికే చేసిన సరుకు కాదు. 2000లో మొదలైనప్పుడు పై ఆకుని కనీసం రెండేళ్లు మాగబెట్టేవాళ్లు. 2007 నుంచి లోపలి ఆకులతో సహా అన్నీ రెండేళ్లు. దాన్ని ఒక్క సాయంత్రంలో 84 అని తేల్చేస్తే ఎలా?

పొగచూరు:
ఆ రెండేళ్లు ఆకుకి, చుట్టిన సిగార్‌కి కాదు. చుట్టాక ఇంకా అమ్మోనియా పోవాలి. పెట్టె అడుగున నెల, ఏడాది ముద్ర ఉంటుందిగా, అదేంటి?

బూడిదరాయుడు:
విడిగా కొన్నాను, పెట్టె లేదు.

కొత్తవాణ్ని:
పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ వస్తుంది కదండీ, దానికి ఎన్ని మార్కులు?

సగంకాలింది:
ఈ చర్చలో ఒప్పుకోవాల్సిన మాట ఇదొక్కటే.

బూడిదరాయుడు:
నిప్పురవ్వా, సూటిగా అడుగుతున్నా. నీకు 84తో ఏంటి ఇబ్బంది? నోరు నాది, మార్కులు నావి.

నిప్పురవ్వ:
చెప్పమంటావా? మూడేళ్ల కిందట ఇక్కడే, ఇదే సిగార్‌కి, నువ్వు 93 వేశావు. "కళ్లు మూసుకుని కొనండి" అని రాశావు. మూసుకునే కొన్నాను. పెట్టెడు. అప్పటి నుంచి మాగబెడుతున్నాను, ఒక్కటి కూడా కాల్చలేదు. ఇప్పుడొచ్చి బ్యాండ్ తీస్తే మామూలు దానికంటే తక్కువంటున్నావు. నేను తేమ గురించి మాట్లాడక ఇంకేం మాట్లాడాలి?

పొగచూరు:
ఓహో. అదీ సంగతి.

బూడిదరాయుడు:
అప్పుడు నాకు అలాగే అనిపించింది. అబద్ధం రాయలేదు.

నిప్పురవ్వ:
అది కొన్నదేనా?

(రెండు రోజుల తర్వాత)

బూడిదరాయుడు:
కాదు. అమ్మే అతను రెండు ఉచితంగా పంపాడు. పోస్టులో ఆ మాట రాయలేదు. రాయాలని కూడా తట్టలేదు, నిజంగా. నల్ల బంగారు బ్యాండ్, దాని మీద ఏడాది, ఊరికే వచ్చిన సరుకు, అన్నీ కలిసి బాగుందనిపించాయి. అందుకే ఈసారి కాగితాలు చుట్టించింది. నీ డబ్బు పోయిందనే సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది.

నిప్పురవ్వ:
డబ్బు పోయిందని నేననలేదు. పెట్టె బాగానే ఉంది. పాత పోస్టులో ఆ లైను చేర్చు.

బూడిదరాయుడు:
చేర్చాను, పైనే పెట్టాను. 93 కొట్టేయలేదు, పక్కన 84 రాశాను. ఇంకోటి, రాత్రి ఉప్పు పరీక్ష చేశాను. 70 చూపించింది. అంటే నా 66 దాదాపు 71.

నిప్పురవ్వ:
చెప్పానా!

పొగచూరు:
అయితే ఆ 88, 87 కూడా తడిసినవేగా? అవి ఇంకా పెరగాలి.

నిప్పురవ్వ:
నా పెట్టెలోంచి రెండు పంపుతాను, బ్యాండ్లు నేనే తీసి. రెండు వారాలు 62లో పెట్టి కాల్చు. ఎన్నొస్తే అన్నే రాయి. ఉచితంగా వచ్చాయని మొదటి లైనులోనే రాయి.