ఎల్‌ఎం358 (సిగ్నల్ పెంచే ఆప్‌యాంప్ ఐసీ) ఔట్‌పుట్ 0.65 వోల్టుల కిందికి దిగుతలేదు, లిమిట్ ఎట్ల కొలవాలె?

ఓరుగల్లు_ఈసీఈ: పత్తి తేమ మీటరు బోర్డు. 5 వోల్టుల సింగిల్ సప్లై, ఎల్‌ఎం358 ఇన్వర్టింగ్ (ఇన్‌పుట్ పెరిగితే ఔట్‌పుట్ తగ్గేది), ఇన్‌పుట్ రెసిస్టర్ 10కె (10 కిలో ఓమ్‌లు), ఫీడ్‌బ్యాక్ 10కె, ప్లస్ పిన్నుకు 2.5 వోల్టుల రిఫరెన్స్. డేటాషీట్‌ల 5 మిల్లీవోల్టుల దాకా దిగుతదని ఉంది, ఇక్కడ 0.65 కాడ ఆగుతోంది. కొనుగోళ్లకు చూసే 8 నుంచి 12 శాతం తేమ రీడింగు ఆ కిందనే పడుతోంది. ఐసీ డూప్లికేటా?

కాజీపేట_బెంచ్: ఐసీ మంచిదే తమ్మీ. ఆ 5 మిల్లీవోల్టులు లోడు రెసిస్టర్ గ్రౌండుకు ఉన్నప్పటి లెక్క. నీ ఔట్‌పుట్ సున్నాకు రావాల్నంటే ఫీడ్‌బ్యాక్ నుంచి వచ్చే 2.5 ÷ 10కె, అంటే 250 మైక్రోఆంప్‌లు గుంజుకోవాలె. గ్రౌండు దగ్గర 358 గుంజేది మామూలుగా 30 నుంచి 50. అంతకు మించితే లోపలి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ అందుకోవాలె, దానికి 0.6, 0.7 వోల్టులు కావాలె. నీ 0.65 అదే.

గ్యారంటీ 12 మైక్రోఆంప్‌లకే. అందుకే రెండు రెసిస్టర్లూ 220కె పెట్టు, 11.4 అయితది. బయాస్ కరెంటుతో (ఇన్‌పుట్ పిన్నుల కాడ పారే సన్నని కరెంటు) ఆఫ్‌సెట్, అంటే ఔట్‌పుట్‌ల తేడా, పెరగకుండా రిఫరెన్స్‌కు, ప్లస్ పిన్నుకు నడుమ 110కె వెయ్యి.

ఓరుగల్లు_ఈసీఈ: ఔట్‌పుట్ నుంచి గ్రౌండుకు 10కె పెడితే సరిపోదా అన్నా?

కాజీపేట_బెంచ్: సరిపోదు. 20 మిల్లీవోల్టుల కాడ అది తీసుకునేది 2 మైక్రోఆంప్‌లే.

మంచిర్యాల_ఇన్‌స్ట్రుమెంట్: లిమిట్ కొలిచేటప్పుడు ఔట్‌పుట్ ఎక్కడ చదునైందని చూడకండి, అది ఆలస్యంగా తెలుస్తుంది. మీటరు మైనస్, ప్లస్ పిన్నుల నడుమ పెట్టండి. పది చుట్ల పాట్‌తో (తిప్పితే మారే రెసిస్టర్) ఇన్‌పుట్‌ను నెమ్మదిగా జరుపుతుంటే ఆ తేడా కొన్ని మిల్లీవోల్టుల దగ్గర కదలకుండా ఉంటుంది. మొదటి విలువ నుంచి 10 మిల్లీవోల్టులు జరిగిన చోట ఔట్‌పుట్ ఎంతుందో రాసుకోండి. అదే అసలు లిమిట్. సప్లైని పవర్ సప్లై డిస్‌ప్లేలో కాదు, 8, 4 పిన్నుల మీదనే కొలవండి.

స్కోప్ ఉంటే 100 హెర్ట్జ్ ట్రయాంగిల్ ఇచ్చి ఎక్స్‌వై మోడ్‌లో (ఇన్‌పుట్ అడ్డంగా, ఔట్‌పుట్ నిలువుగా) చూడండి. ఫ్రీక్వెన్సీ పెంచితే స్లూ రేట్ (ఔట్‌పుట్ ఎంత వేగంగా మారగలదో ఆ హద్దు) అడ్డొస్తుంది.

హన్మకొండ_ల్యాబ్: ఇది ఔట్‌పుట్ లిమిట్ ఒక్కటే. ఇన్‌పుట్ లిమిట్ కోసం చాలామంది బఫర్ (ఇన్‌పుట్‌నే ఔట్‌పుట్‌గా ఇచ్చేది) కట్టి చూస్తరు, అది తప్పు. 5 వోల్టుల మీద 358కి ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ 3.5 దగ్గరే ఆగుతయి, ఏది ముందు ఆగిందో తెల్వదు. నాలుగు 10కెలతో డిఫరెన్స్ యాంప్లిఫయర్ (రెండు ఇన్‌పుట్ల తేడానే ఇచ్చేది) కట్టి, రిఫరెన్స్ 2.5 ఇచ్చి, రెండు ఇన్‌పుట్లూ కలిపి −2.5 నుంచి 7.5 దాకా జరుపు. పిన్నుల మీద 0 నుంచి 5 వస్తది, ఔట్‌పుట్ 2.5 కాడనే ఉంటది. అది విరిగిన చోటే లిమిట్. సన్నగా వాలితే రెసిస్టర్ల తేడా, మల్టీమీటరుతో జత చూసి వెయ్యి.

ఎండకాలంల మన దిక్కు డబ్బాల వేడి బాగ ఉంటది. ఇన్‌పుట్ లిమిట్ 25 డిగ్రీలకు సప్లై మైనస్ 1.5 అన్నది, మొత్తం వేడి రేంజికి మైనస్ 2. అంటే 3 వోల్టులు దాటనియ్యకు.

కాజీపేట_బెంచ్: గ్రౌండు, సప్లై రెండింటి దాకా పోవాల్నంటే ఎంసీపీ6002 అనే ఇంకో ఆప్‌యాంప్ అదే పిన్నులల్ల కూసుంటది. 6 వోల్టులు దాటే సప్లైకి మాత్రం పెట్టకు.