ఉగ్నాయన్: ప్రజల సంగీతమా, ప్రభుత్వ సంగీతమా?

శ్రుతిపేటిక:

ఫిలిప్పీన్స్ ఆధునిక సంగీతం ప్రస్తావన వస్తే చాలు, హోసే మాసెడా (1917–2004) గారిని ప్రజల స్వరకర్తగా కీర్తించడం పరిపాటి అయిపోయింది. పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ కోర్టో దగ్గర పియానో నేర్చుకున్న ఆయన, ఆ కచేరీ జీవితాన్ని పక్కన పెట్టి, వెదురు వాద్యాలనూ కంచు జేగంటలనూ వెతుక్కుంటూ దీవులన్నీ తిరిగి రికార్డు చేశారు. ఆ సేకరణను యునెస్కో 2007లో తన ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. దీని మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా రేడియోల కోసం ఆయన రాసిన ‘ఉగ్నాయన్’ విషయంలోనే.

1974 జనవరి 1 సాయంత్రం మనీలా రేడియో కేంద్రాలు 51 నిమిషాల పాటు మాసెడా గారు సిద్ధం చేసిన 20 వేర్వేరు టేపులను ఏకకాలంలో ప్రసారం చేశాయి. జనం ట్రాన్సిస్టర్లు పట్టుకుని పార్కులకూ కూడళ్లకూ వచ్చి, తలా ఒక కేంద్రం పెట్టుకుంటే, ఆ శబ్దాలన్నీ ఆరుబయట కలిసిపోయి ఒకే కృతిగా వినిపించాలన్నది ఆలోచన. ఆలోచన గొప్పదే, కాదనను. అయితే అన్ని కేంద్రాలు ఒకే సమయానికి ఒకే స్వరకర్తకు ఎలా లొంగాయి? 1972 సెప్టెంబరులో అధ్యక్షుడు మార్కోస్ సైనిక పాలన విధించినప్పుడు పత్రికలూ ప్రసార కేంద్రాలూ మూతపడ్డాయి. ఆ తర్వాత ప్రభుత్వం అనుమతించినవే మళ్లీ తెరుచుకున్నాయి. ఈ కృతికి ఆయన భార్య ఇమెల్డా మార్కోస్ అండ ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో రేడియో పెట్టుకున్నవారికి మరో పాట వినే దారి దాదాపు లేదు. వద్దనే వీలు లేనప్పుడు దాన్ని ప్రజల సంగీతం అని ఎలా అంటాం?

వెదురుపొద:

శ్రుతిపేటిక గారూ, మీరు ఒక్క 1974 నుంచే మొదలుపెట్టడం వల్ల చిత్రం వంకరగా కనిపిస్తోంది. అంతకు ఆరేళ్ల ముందే, సైనిక పాలన ఊసు లేని 1968లో, ఆయన ‘పగ్‌సంబా’ రాశారు. డిలిమన్‌లోని ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గుండ్రటి చర్చి ఒకటి ఉంది. మధ్యలో బలిపీఠం, చుట్టూ జనం. ఆ జనం నడుమనే 116 వాద్యాలనూ, 100 మంది స్త్రీపురుష గాయకులనూ, మరో 25 మంది పురుష గాయకులనూ ఆయన చెదరగొట్టి కూర్చోబెట్టారు. వెదురు బద్దలు ఒక మూల గలగలమని మొదలై, ఆ సద్దు మెల్లగా పక్క వరుసలకు పాకుతుంటే, మధ్యలో కూర్చున్నవారికి వినిపించేది వేరు, గోడ వారన ఉన్నవారికి వినిపించేది వేరు. 1971లో ‘క్యాసెట్స్ 100’ కోసం నూరుగురి చేతికి నూరు క్యాసెట్ యంత్రాలిచ్చి నడిపించారు. 1975 నాటి ‘ఉద్లోత్ ఉద్లోత్’లో వందలాది విద్యార్థులు ఆరుబయట వెదురు వాద్యాలు వాయించారు, అక్కడ రేడియో లేదు, ఇమెల్డా లేరు.

ఈ వరుసలో పెట్టి చూస్తే, శిక్షణ లేని పదిమంది చేతులు కలిసి చేసే పనిని సంగీతంగా మలచడం ఆయన జీవితకాలపు తపన అనీ, ఉగ్నాయన్ అందులో ఒక మజిలీ అనీ తేలుతుంది. తపన ఆయనది, అవకాశం ప్రభుత్వానిది. రాజాశ్రయం లేకుండా ఇంత పెద్ద కృతులు ఏ దేశంలో పుట్టాయో మీరే చెప్పండి.

ఊరికేవినేవాడు:

ఇద్దరూ మాసెడా దగ్గరే ఆగిపోయారు. మనీలా వీధిలో ఎవరినైనా ఆపి అడిగితే పాటల స్వరకర్త ర్యాన్ కయాబ్యాబ్ పేరు చెబుతారు, 1978 పాటల పోటీ చెబుతారు. ఆ పోటీలో మొదటి బహుమతి కయాబ్యాబ్ పాటకు వచ్చింది. బహుమతి రాని ఫ్రెడ్డీ అగిలార్ పాట ‘అనాక్’ ప్రపంచమంతా తిరిగింది. జనం తమంత తామే నెత్తిన పెట్టుకున్నది ప్రజల సంగీతం. తక్కినది విశ్వవిద్యాలయ సంగీతం.

శ్రుతిపేటిక:

వెదురుపొద గారు చెప్పిన వరుస నిజమే, అయినా నా ప్రశ్నకు అది జవాబు కాదు. 1968లో ఆ చర్చికి వెళ్లినవారు కావాలని వెళ్లారు; లేచి వచ్చేయగలరు కూడా. రాజాశ్రయం మాటకొస్తే, ఉగ్నాయన్‌కు ప్రభుత్వం ఇచ్చింది డబ్బూ వేదికా మాత్రమే కాదు, శ్రోతలను కూడా. ఆ తేడా చిన్నది కాదు.

అదే కాలంలో జనం దాచుకుని పాడుకున్న పాట ఒకటుంది: ‘బయాన్ కో’. కాన్‌స్టాన్సియో దె గుజ్మాన్ స్వరపరచిన ఈ పాట అమెరికా వలస పాలన నాటిది. కుందిమన్ అనే ఫిలిపినో ప్రేమగీతాల బాణీల తీరున, విషాదం పలికే మైనర్ స్వరశ్రేణిలో బరువుగా మొదలై, వెలుగు నిండిన మేజర్‌లోకి తెరుచుకుంటుంది; ఆ మలుపు దగ్గర గొంతులన్నీ వాటంతట అవే పెరుగుతాయి. సైనిక పాలనలో దాన్ని బహిరంగంగా పాడటం నేరంగా చూశారు. 1983లో ప్రతిపక్ష నేత బెనిగ్నో అకినో హత్య తర్వాత ఊరేగింపుల్లో జనం గొంతెత్తి పాడింది దాన్నే.

దావావ్‌తల్లి:

మా అబ్బాయి దావావ్‌లో వైద్యవిద్య చదివినందువల్ల ఆ ఊరికి వెళ్లే అవకాశం నాకు కలిగింది. అక్కడి కదయావన్ ఉత్సవంలో కులింతాంగ్ దగ్గరగా విన్నాను: బొడిపెలున్న ఎనిమిది చిన్న జేగంటలు వరుసగా పేర్చి, వాటి మీద ఒకరు బాణీ నడుపుతుంటే, పెద్ద అగుంగ్ జేగంట అడుగున గుమ్మని మోగుతూ కాలం పట్టి ఉంచుతుంది. ఇది దక్షిణ దీవి మిందనావ్‌లోని ముస్లిం తెగల ఆస్తి.

మీ వాదంలో ఆ మిందనావ్ ఎక్కడా లేదు. 1959లోనే లుక్రేషియా కాసిలాగ్ గారు పాశ్చాత్య ఊదుడు వాద్యాల పక్కన ఈ జేగంటలను చేర్చి ‘తొకాతా’ రాశారు. మాసెడా గారు 1966లో ‘అగుంగన్’ను పూర్తిగా జేగంటలకే రాశారు. ఇద్దరూ నేషనల్ ఆర్టిస్ట్ బిరుదు పొందినవారే. అయితే ఉగ్నాయన్ మోగిన 1974 జనవరి నాటికి దక్షిణాన మోరో (అక్కడి ముస్లిం) తిరుగుబాటుదారులకూ సైన్యానికీ యుద్ధం సాగుతోంది. మరుసటి నెలలోనే ఆ యుద్ధంలో అక్కడి హోలో పట్టణం తగలబడింది. రాజధానిలో దేశీయ వాద్యాలతో జాతి ఐక్యత చాటుతున్నప్పుడే, ఆ జేగంటల యజమానుల ఊళ్ల మీద బాంబులు పడ్డాయి. ప్రజలంటే ఏ ప్రజలో ముందు తేల్చండి.

వెదురుపొద:

అమ్మా, మీ మాట బరువైనది, దానికి నా దగ్గర ఎదురు వాదం లేదు. ఒక్కటి మాత్రం చేర్చాలి: ఆ పల్లెలకు స్వయంగా వెళ్లి, ఎవరు వాయించారో ఎక్కడ వాయించారో రాసిపెట్టి టేపులు దాచినవారు కూడా మాసెడా గారే. ఆ జేగంటల ఊరూ పేరూ ఆయన చెరిపేయలేదు.

శ్రుతిపేటిక గారికి ఒక ప్రశ్న. మార్కోస్ పడిపోయాక, 1987లో బెనిగ్నో భార్య కొరసోన్ అకినో ప్రభుత్వం కూడా రేడియోలకు ఆదేశమిచ్చింది: గంటకు కనీసం నాలుగు ఫిలిపినో పాటలు వేసి తీరాలని. ఊరికేవినేవాడు గారు జనం నెత్తిన పెట్టుకున్నారంటున్న పాటలకు ఆ ఆదేశం అండ లేదా? ప్రభుత్వ ఆజ్ఞ తగిలితే సంగీతం మైలపడుతుందనుకుంటే, ఆ తర్వాతి పాటలన్నీ మైలపడ్డట్టే.

శ్రుతిపేటిక:

గంటకు నాలుగు పాటలన్నప్పుడు మిగిలిన గంటంతా శ్రోతదే, స్టేషన్ మార్చుకునే చెయ్యీ శ్రోతదే. పైగా ఆ నాలుగు ఏవో ఎంచుకునేది కేంద్రాలు. 1974లో ఎంపిక చేసింది ఒక్కరు. ఉగ్నాయన్ ఇప్పుడు డిస్కుగా వచ్చింది, 20 టేపులూ కలిపి రెండు స్పీకర్లలో వినవచ్చు. వెదురు సద్దులు ఒకదాని మీద ఒకటి మబ్బులా కమ్ముకునే తీరు నాకూ నచ్చింది. కృతి మీద నా గౌరవం అలాగే ఉంది, ‘ప్రజల’ అన్న విశేషణం మీద అభ్యంతరమూ అలాగే ఉంది. దావావ్‌తల్లి గారి మాట విన్నాక ఆ అభ్యంతరం ఇంకా పెరిగింది.